ముంజేతి మీద రాగులు

మొదట అది పిండి అనుకున్నాను.

తమిళనాడులోని ధర్మపురిలో మా ఇంటి ముందు గదిలో ఇడ్లీ మావు అమ్ముతాం. మావు అంటే రుబ్బిన పిండి. ఇంట్లో తెలుగే మాట్లాడినా, ఆ మాట మాత్రం మాకు అరవంలోనే అలవాటైపోయింది. మా మామగారు ఉన్నప్పుడు ఆ గదిలో చిల్లర కొట్టు ఉండేదట. ఆయన పోయాక అత్త కొట్టు ఎత్తేసి రెండు గ్రైండర్లు పెట్టింది. నేను కోడలిగా వచ్చేసరికే చుట్టుపక్కల వీధులవాళ్ళు గిన్నెలు పట్టుకుని పొద్దున్నే మా గడప ముందు నిలబడేవాళ్ళు. లోపల గ్రైండర్ల పని అత్తది. బరువైన గ్రైండరు గిన్నె వంచడం, ముందర నిలబడి గరిటెతో పోసివ్వడం నాది. మా ఆయన బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు నడుపుతాడు. ఆయనది తక్కువ మాట్లాడే స్వభావం. ఆయన వాటా మాటలన్నీ అత్తే మాట్లాడేస్తుంది.

ఒక సాయంత్రం పని ముగించి చేతులు కడుక్కుంటే బొటనవేలి కొస, చూపుడువేలి కొస తెల్లగానే ఉండిపోయాయి. మావు ఎండిపోయి అంటుకుందేమోనని మళ్ళీ కడిగాను. మర్నాడు అత్త కూడా చూసి, చెయ్యి బాగా కడుక్కోమని కోప్పడింది. కొబ్బరిపీచుతో తోమాను. వేళ్ళు ఎర్రబడ్డాయి, మండాయి, ఎరుపు తగ్గాక చూస్తే తెలుపు అలాగే ఉంది. ఇంకా గట్టిగా తోమాను. ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు అద్దంలో బొట్టు పెట్టుకుంటూ చూసుకుంటే కింది పెదవి కింద, గడ్డం మీద, మినపగింజంత తెల్ల మచ్చ కనిపించింది. గడ్డానికి మావు ఎలా అంటుకుంటుంది? అప్పుడు అర్థమైంది. అద్దం ముందు అలాగే కూర్చుండిపోయాను. బయట ఎవరో గిన్నె చప్పుడు చేసి పిలుస్తున్నా లేవలేకపోయాను.

బొల్లి అనే మాట మా ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. అత్త దాన్ని "అది" అనేది. అది ఎడమ ముంజేతి మీదికి కూడా వచ్చింది. గ్రైండరు గిన్నె వంచేటప్పుడు దాని అంచు రోజూ ఒరుసుకునే చోటనే అరచెయ్యంత మేర తెల్లబడింది.

మనుషుల సంగతి చెప్పాలి. మా దగ్గర ఏళ్ళ తరబడి మావు కొంటున్న ఒకావిడ ఒక పొద్దున గిన్నె చాచి, నా వేళ్ళు చూసి, గిన్నె మెల్లగా వెనక్కి తీసుకుంది. లోపలి నుంచి పెద్దమ్మను పొయ్యమనండి అని అరవంలో మర్యాదగానే అడిగింది. మర్యాదగా అడగడమే నాకు ఎక్కువ నొప్పి అనిపించింది. అత్త వచ్చి పోసి పంపింది. ఆ రోజు నుంచి నేను లోపల గ్రైండర్ల దగ్గర, అత్త ముందర. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అలా మారిపోయింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, రెండు పూటలా నిలబడి పోసేది. నేను గ్రైండరు చప్పుడు మాటున బయట ఏమంటున్నారో వినడానికి ప్రయత్నించేదాన్ని.

వీధిలో సలహాలకు కొదవ లేదు. తెల్లటివి తినకూడదన్నారు. పాలు, పెరుగు, అన్నం, చివరికి ఇడ్లీ కూడా. మావు అమ్మే ఇంట్లో ఇడ్లీ తినని కోడలు! అత్త నాకు రాగిసంగటి మొదలుపెట్టింది. అది నాకు ఇష్టమే, కానీ పెరుగు లేకుండా భోజనం ముగించడం కష్టంగా ఉండేది. కొన్నాళ్ళకు గమనించాను, అత్త కూడా పెరుగు వేసుకోవడం లేదు. పెరుగన్నం తినకపోతే అన్నం తిన్నట్టే కాదనే మనిషి రసంతోనే ముగించి చెయ్యి కడిగేస్తోంది. ఎందుకని అడిగితే పెరుగు పులిసిపోయిందంది. ఆ పెరుగు తోడుపెట్టింది నేనే. పులవలేదని నాకు తెలుసు.

తర్వాత బావంచాల నూనె వచ్చింది. బావంచాలంటే ఇలాంటి మచ్చలకు నాటువైద్యంలో వాడే గింజలు. అత్త పుట్టిల్లు పాలకోడు దగ్గర. అక్కడ మెట్టపొలాలు చేసుకునే అన్నదమ్ములు ఉన్నారు. వాళ్ళలో ఒకరు ఎవరో వైద్యుడి దగ్గర తెచ్చి పంపారు. నూనె రాసి ఎండలో నిలబడమన్నారు. అత్త చెప్పినట్టే ముంజేతికి రాసుకుని మేడ మీద, బట్టలు ఆరేసే తీగ పక్కన, ఎండకు చెయ్యి చాపి నిలబడ్డాను. ఆ రోజు ఏమీ తెలియలేదు. మర్నాటికల్లా చెయ్యి నీరుల్లి పొరలా ఉబ్బి బొబ్బలెక్కింది. అత్త ఆ చెయ్యి చూసి, పెరట్లోకి పోయి సీసా మొత్తం మట్టిలో ఒంపేసి, చెప్పులేసుకుని వచ్చింది.

"లెయ్ మ్మే. ఆస్పత్రికి పోదాము. ఇంక ఎవురి మాటా వినేది లేదు."

డాక్టరమ్మ నా వయసుదే. ముందు బొబ్బలకు మందు రాసి కట్టు కట్టింది. ఏం రాసుకున్నారని అడిగితే అత్త దాచకుండా చెప్పింది. ఆమె తిట్టలేదు. ఆ గింజల్లో నిజంగానే గుణం ఉందని, అది చర్మాన్ని ఎండకు లోబడేలా చేస్తుందని, కానీ ఎంత నూనె, ఎంత ఎండ అనే కొలత తెలియకపోతే కాల్చేస్తుందని చెప్పింది. తర్వాత నా వేళ్ళు చూసి, దేనితో తోముతున్నావని అడిగింది. పీచు సంగతి చెప్పాను. వెంటనే ఆపేయమంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు చర్మం ఎక్కడ ఒరుసుకున్నా, గీసుకున్నా, అక్కడ కొత్త మచ్చ పుట్టే అవకాశం ఉంటుందట. గ్రైండరు అంచు దగ్గర మచ్చ ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆమె చెప్పినవన్నీ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. చర్మం పై పొర ఎప్పుడూ ఒకటే ఉండదట. అడుగున కొత్త కణాలు పుడుతూ, పైకి వస్తూ, చివరికి మనకు తెలియకుండానే రాలిపోతూ ఉంటాయట. ఇంచుమించు నెలా రెండు నెలలకోసారి మనం కొత్త తోలు కప్పుకుంటున్నట్టే. ఆ అడుగు వరసలో మధ్యమధ్య రంగు తయారుచేసే కణాలు కూర్చుని, పైకి పోయే ప్రతి కణానికీ కాస్త రంగు పంచిపెడతాయట. నా ఒంట్లో, రోగాల నుంచి కాపాడాల్సిన కాపలా కణాలే ఆ రంగు కణాలను శత్రువులనుకుని చంపేస్తున్నాయి. చర్మం బాగానే ఉంది, పుడుతోంది, పెరుగుతోంది, రాలుతోంది. రంగు పంచేవాళ్ళు మాత్రం లేరు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని, తిండితో వచ్చేది కాదని గట్టిగా చెప్పింది. పెరుగు తినొచ్చా అని అత్త అడిగింది. నా కోసమే అడిగినట్టు అడిగింది. తినొచ్చంది డాక్టరమ్మ.

తర్వాత ఆమె చిన్న లైటు ఉన్న భూతద్దం ఒకటి తీసి, నా ముంజేతిని కట్టు లేని చోట ఆనించి చూసింది. చూసి, చేతి మీద వెంట్రుకలు ఎక్కువే ఉన్నాయే అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకో చెప్పాలి. చిన్నప్పటి నుంచి నా చేతుల మీద వెంట్రుకలు ఎక్కువ. బడిలో ఏడిపించేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో అత్త తరపు బంధువు ఒకామె నా గాజులు చూసే వంకతో చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. పెళ్ళయ్యాక అత్తే కస్తూరి పసుపు, పెసరపిండి కలిపిచ్చి, నలుగు పెట్టుకుని గట్టిగా రుద్దుకుంటే వెంట్రుకలు పోతాయని ప్రతి శుక్రవారం వెంటపడేది. మగవాడి చెయ్యిలా ఉందని నవ్వేది. ఇన్నేళ్ళు రుద్దినా అవి మాత్రం పోలేదు.

డాక్టరమ్మ ఆ వెంట్రుకలు చూసి సంతోషపడింది. తెల్ల మచ్చలో కూడా వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి, అది చాలా మంచి గుర్తు అంది. ప్రతి వెంట్రుక కుదురు లోపల, లోతుగా, ఇంకా రంగు కణాలుగా మారని లేత కణాలు కొన్ని నిద్రపోతూ ఉంటాయట. వెంట్రుకకు రంగు ఇచ్చేది వాటి సంతతే. కాపలా కణాల దాడి అంత లోపలికి తేలిగ్గా చేరదు. సరైన వెలుతురు సరైన కొలతలో పడితే ఆ లేత కణాలు మేలుకుని, పెరిగి, వెంట్రుక వెంబడి పైకి ఎక్కి, చుట్టూ చర్మంలో పరుచుకుంటాయట.

అత్త ముందుకు వంగి వింటోంది. ఆమె పొలాలున్న ఇంట్లో పుట్టిన మనిషి. రాగికి నారు పోసి, తీసి, చేనంతా నాటినట్టా అని అరవంలో అడిగింది. అచ్చం అట్లాగేనంది డాక్టరమ్మ. అయితే వెంట్రుక లేని చోట ఏమవుతుందని అత్తే మళ్ళీ అడిగింది. డాక్టరమ్మ నా చెయ్యి తిప్పి వేళ్ళ కొసలు చూపించింది. ఇక్కడ వెంట్రుకలు లేవు, కాబట్టి నారు లేదు. వేళ్ళకు రంగు రాకపోవచ్చు, ముందే చెబుతున్నాను, తర్వాత బాధపడకూడదు అంది. ముందే చెప్పినా బాధపడ్డాను. స్కూటరు మీద అత్త వెనక కూర్చుని వస్తూ, ఇంటికి చేరేదాకా వేళ్ళు పిడికిలిలో దాచుకునే ఉన్నాను.

ఇంటికి రాగానే అత్త స్నానాల గదిలోంచి పసుపు, పెసరపిండి డబ్బా తెచ్చి దేవుడి గూట్లో పెట్టేసింది.

"ఇది ఇంక దేవుడికి చాలు. ఆ యెంట్రుకల జోలికి పోవద్దు నువ్వు. ఒగటి పీకితే ఊరుకోను."

ఆ మధ్యాహ్నం అన్నంలో పెరుగు రెండుసార్లు వేసుకుంది.

కాలిన చెయ్యి మానాక వెలుతురు వైద్యం మొదలైంది. బీరువా అంత పెట్టె, లోపల చుట్టూ నిలువుగా ట్యూబులైట్లు. కళ్ళకు నల్ల అద్దాలు పెట్టుకుని అందులో నిలబడాలి. మొదట్లో లోపలికి వెళ్ళి ఊపిరి తీసుకునేలోపే అయిపోయేది. తర్వాత మెల్లమెల్లగా సేపు పెంచారు. వారానికి రెండుసార్లు అత్త నన్ను స్కూటరు మీద తీసుకెళ్ళేది. నేను పెట్టెలో ఉంటే ఆమె బయట బెంచీ మీద కూర్చుని అక్కడున్న వాళ్ళందరి జబ్బులూ తెలుసుకునేది. ఒకరికి సోరియాసిస్, అంటే చర్మం రాలాల్సిన వేగం కన్నా ఎక్కువ వేగంగా పుట్టి పొరలు పొరలుగా పేరుకోవడం. ఒకాయనకు గడ్డంలో పేనుకొరుకుడు. అరవంలో దాన్ని పుళువెట్టు అంటారు, పురుగు కొరికిందని అర్థం. పేనూ లేదు, పురుగూ లేదు, అదీ మన జబ్బు లాంటిదేనని అత్త దారిలో నాకు చెప్పేది. అక్కడ కాపలావాళ్ళు వెంట్రుక కుదురు మీదే పడ్డారట.

వారాలు గడిచాయి. ఏమీ కనిపించలేదు. మచ్చ చుట్టూ ఉన్న చర్మం నల్లబడి, మచ్చ ఇంకా తెల్లగా కనబడసాగింది. పెట్టెలో నిలబడటం మానేస్తానని ఒకరోజు మా ఆయనతో అన్నాను. ఆయన, పాత ఫోన్లో పోయిన బొమ్మలు బయటికి తియ్యాలన్నా నాకు రోజులు పడుతుంది కదా అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట రావడమే అరుదు. మరో రెండు వారాలు పోయాను.

ఒక పొద్దున మేడ మీద మినప్పప్పు ఆరబోస్తున్నాను. అత్త వచ్చి జల్లెడ అందిస్తూ నా చెయ్యి పట్టుకుంది. దులపబోయింది. దులిపినా పోలేదు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

"ఏందిమ్మే ఇది, చేతి మీద ఎవురో రాగులు చల్లినట్లుండాది."

తెల్లటి మచ్చ మధ్యలో గోధుమరంగు చుక్కలు. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, కొంచెం ఎడంగా మరో నాలుగు. నిజంగా రాగిగింజలంతే ఉన్నాయి. మేమిద్దరం పప్పు వదిలేసి కిందికి దిగాం. అత్త మా ఆయనకు ఫోను చేసి, కొట్టు మూసి రమ్మంది. ఎందుకో చెప్పలేదు. ఆయన ఏం జరిగిందోనని పరిగెత్తుకుంటూ వచ్చాడు. సంగతి విని, మళ్ళీ కొట్టుకు పోయి, ఫోన్ల లోపలి సన్నని తీగలు చూసే భూతద్దం తెచ్చాడు. దాన్ని కంటికి తగిలించుకుని నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఫోను బోర్డు చూసినంత శ్రద్ధగా చూశాడు.

"అన్ని చుక్కల్లోనూ నడుమ ఒగ యెంట్రుక ఉండాది," అన్నాడు.

అత్త లాక్కుని చూసింది. తర్వాత నేను చూశాను. ఒక్కో చుక్కకూ సరిగ్గా నడుమ నుంచి నల్లటి వెంట్రుక పైకి లేచి ఉంది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు, ఆ వెంట్రుక వెంబడే రంగు ఎక్కి వచ్చి చుట్టూ గుండ్రంగా పరుచుకుంటోంది. ఇన్నేళ్ళు నేను సిగ్గుపడి కొంగు కింద దాచుకున్న వెంట్రుకలు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆయన భూతద్దం తుడిచి జేబులో పెట్టుకుని, కొట్టు తెరవాలని వెళ్ళిపోయాడు. వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగి నవ్వడం చూశాను.

తర్వాత చుక్కలు పెరిగాయి, ఒకదానితో ఒకటి కలిశాయి. గడ్డం మీద అయితే ఇంకా తొందరగా వచ్చింది. అక్కడ కూడా కనీకనిపించని నూగు వెంట్రుకలు ఉంటాయి కదా.

అప్పటికింకా నేను లోపలే, అత్త ముందరే. ఒక ఉదయం గిరాకీ బాగా ఉన్న సమయంలో అత్త గరిటె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నా మోకాళ్ళకి ఇంక కాదు. నువ్వే ముందర నిలబడు."

నా వేళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి కదా, అత్తా అన్నాను. ఉంటే ఉండనీ, నాకు నొప్పి అంది. లోపలికి పోయి కూర్చుంటుందనుకున్నాను. గ్రైండరు దగ్గర కూడా నిలబడే ఉంది. బరువైన గిన్నె తనే వంచింది. నొప్పి అలాంటిది.

నేను ముందరికి వెళ్ళాను. గిన్నె చాచినవాళ్ళలో ఒకరిద్దరు నా వేళ్ళు చూశారు. ఒకరు అడిగారు కూడా. ఇది అంటుకునేది కాదని చెప్పాను. కొందరు మానేశారు, వాళ్ళు ఇప్పటికీ రారు. వెనక వీధిలోంచి కొత్తవాళ్ళు కొందరు వచ్చారు. మా మావు బాగుంటుంది, ఆ మాట నేను చెప్పుకోకూడదు కానీ.

కొన్నాళ్ళకు పాలకోడు వైపు నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. టమాటాలు పండించే వాళ్ళు, తెలుగువాళ్ళే. అత్త అన్నదమ్ముల ద్వారా మా సంగతి విన్నారట. కాలేజీలో చేరాల్సిన ఆ అమ్మాయికి పిక్క మీద తెల్ల మచ్చ. ఆ పిల్ల తల ఎత్తడం లేదు. నేను నా ముంజేయి చూపించాను. రంగు వచ్చిన చోటు, రాని చోటు, రెండూ చూపించాను. అత్త మాత్రం వాళ్ళను వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ పిల్ల పిక్క మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"యెంట్రుకలన్నీ నల్లగానే ఉండాయి. విత్తనముండాది. కవల పడద్దు," అంది అత్త. కవల అంటే ఇక్కడ దిగులు.

నూనెలేవీ రాయొద్దని, గోకొద్దని, పెరుగు మానొద్దని చెప్పి, డాక్టరమ్మ దగ్గరికి తానే స్కూటరు మీద దారి చూపిస్తూ వెళ్ళింది. ఆ పిల్ల వెళ్ళేముందు, పిక్కల మీద వెంట్రుకలు తియ్యడానికి కొనుక్కున్న క్రీము సంగతేం చెయ్యాలని నన్ను మెల్లగా అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఇంకా కొందరు వచ్చారు. అందరికీ అత్త అదే పరీక్ష చేస్తుంది. ఒకసారి ఒక ముసలాయన మచ్చలో వెంట్రుకలు కూడా తెల్లబడి ఉన్నాయి. అప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు. ఇది కష్టం, అయినా డాక్టరమ్మను అడగండి, వేరే దార్లు ఉంటాయి అని పంపింది.

ఇప్పుడు నా ముంజేయి పూర్తిగా నిండింది. కొంతకాలం ఆ చోటు మిగతా చేతికంటే నల్లగా ఉండి, ఇప్పుడు కలిసిపోయింది. వెలుతురు పెట్టె ఆపేశారు. మళ్ళీ రావచ్చని, వస్తే వెంటనే రమ్మని డాక్టరమ్మ చెప్పింది. వేళ్ళ కొసలు మాత్రం ఆమె చెప్పినట్టే తెల్లగా మిగిలాయి. వాటితో నాకు అలవాటైపోయింది.

మొన్న అదియమాన్‌కోట్టైలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి జరిగింది. ముందురోజు ఆడవాళ్ళందరికీ గోరింటాకు పెట్టారు. నేను వద్దన్నాను. అత్త ఒప్పుకోలేదు. నా చెయ్యి పట్టుకుని, పెట్టే అమ్మాయి ముందు చాపించింది. తెల్లారి కడుక్కుంటే అందరి వేళ్ళకన్నా నా వేళ్ళే ఎర్రగా పండాయి. ఆ తెలుపు మీద ఎరుపు దానిమ్మగింజలా మెరిసింది. పెళ్ళికూతురు పెళ్ళిపీటల మీద నుంచే వంగి చూసి, నీకెట్లా ఇంత బాగా పండింది అత్తా అని అడిగింది. ఆ మాట మా అత్త విని, పక్కన కూర్చున్న వాళ్ళందరి ముందూ నా రెండు చేతులూ ఎత్తి చూపించింది. ఆ రోజు వడ్డనలో నేనే ముందు నడిచాను, పాయసం గిన్నె పట్టుకుని.